అల్పవ్యయ ప్రచారము – చిన్న వర్తకుల మార్గములు

సాయంకాలము దీపములు పెట్టు వేళకు వీధిలో చిన్న గంట మ్రోగినచో పీచుమిఠాయి వచ్చినదనియు, నడివేసవి మధ్యాహ్నమున చెక్కపెట్టె మూత టపటపమను చప్పుడు వినబడినచో పుల్లఐసు బండి మలుపు తిరిగినదనియు, తలుపు తీసి చూడకుండగనే మన యిండ్లలోని పిల్లలు చెప్పగలిగెడివారు. ఆ గంట ఒకసారి కొన్నచో పదేండ్లు మ్రోగును; సరకు పేరెత్తకయే సరకును తలపునకు తెచ్చును; ఎవరి తలుపు తట్టకయే అందరిని వాకిటికి రప్పించును. గాజుల మలారము భుజమున వేసికొని వచ్చువాని పిలుపు వేరు, ముంజలమ్మువాని కేక వేరు, సానపట్టువాని చక్రపు రాపిడి వేరు. ఒకరి ధ్వని మరియొకరి ధ్వనితో కలియదు. వర్తకప్రకటనమను పేర నేడు పెద్దపెద్ద గ్రంథములలో చదువుకొనుచున్న విషయములో సగపాలు ఆ గంటలో ఇమిడియున్నదని నా నమ్మకము. ఆటోకు కట్టిన మైకులో ఒకే రికార్డు గొంతు శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు ఒకే తీరున ఉల్లిపాయల ధర చెప్పుచున్న యీ రోజులలో, శ్రమ తగ్గినమాట నిజమేగాని, ఏ బండి ఎవరిదో తెలియజెప్పు గుర్తు మాత్రము పోయినది.

చిన్న వ్యాపారము అనగా నేమో మొదట చెప్పుకొనవలెను. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ప్రభుత్వ నిర్వచనము ననుసరించి యంత్రసామగ్రి మీద 2.5 కోట్ల రూపాయల వరకు పెట్టుబడియు, ఏడాదికి 10 కోట్ల వరకు విక్రయమును గల సంస్థయెల్ల సూక్ష్మసంస్థయే. నేను తలంచుకొని వ్రాయుచున్నది అంతవారినిగూర్చి గాదు. ఇంటి వెనుక వరండాలో పచ్చళ్ళు కలుపు ఇల్లాలిని, ఒక్క కుట్టుమిషను గల దర్జీని, నాలుగు బల్లల టిఫిను దుకాణమును, చేనేత సహకార సంఘములో చేరియు తన చీరకు తానే కొనుగోలుదారుని వెదకుకొను నేతగానిని గూర్చి. వీరికి పత్రికలో అరపుట ప్రకటన మోయలేని వ్యయము. దూరదర్శనము మాట తలంపనక్కరయే లేదు. ఐనను వీరికొక ధనము కలదు, అది పెద్ద సంస్థల కెన్ని కోట్లకును దొరకదు: కొనువాని ముఖమును ఎరిగియుండుట. ఏ అల్పవ్యయ ప్రచారమైనను ఈ సామీప్యమును వాడుకొన్నంత మేరకు ఫలించుననియు, పెద్దవారి ఘోషను చిన్న గొంతుతో అనుకరింపబోయినంత మేరకు చెడుననియు నా యభిప్రాయము. ఆ దృష్టితో ఈ మార్గములను ఒక్కొక్కటిగా పరిశీలింతును.

రుచి చూపుట వీనిలో మిక్కిలి పురాతనమైనది. దీనికి మన తెలుగువారిలో గొప్ప నిదర్శనము దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణాజిల్లా ఎలకుర్రున పుట్టి బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును స్థాపించిన ఆయన, తొలిదినములలో సంగీత కచేరీలు జరుగుచోటికి పోయి ఆ లేపనమును శ్రోతలకు ఊరకనే పంచిపెట్టినాడు. చోటును ఎంచుకొన్న తీరును గమనింపుడు. గంటల తరబడి ఒకచోట కూర్చుండి, జనసమ్మర్దములో ఉక్కపోతకు ఓర్చి, రాత్రి ప్రొద్దుపోవువరకు మేలుకొనువానికి తలనొప్పి అచ్చటనే పుట్టును. మందును అచ్చటనే అందినది. ఉపశమనము కలిగినదా లేదా అన్న తీర్పును అచ్చటనే తేలినది. ప్రక్కన కూర్చున్నవాడు సాక్షి. బజారులో నిలుచుండి దారిని పోవు వేయిమందికి పంచినను ఇంత పని జరిగియుండదు. ఉచితముగా పంచుట గొప్ప కాదు, అవసరము మొలచిన క్షణమున పంచుట గొప్ప. ఆ వ్యాపారపు రాబడియే తరువాత 1908లో ఆంధ్రపత్రికకును, దేశసేవకును ఊతమైన సంగతి తెలుగువారు ఎరిగినదే.

సంతలో నేడును ఈ పని నడచుచున్నది. మా ప్రాంతపు వారపుసంతలో కారప్పొడులమ్ము ఒక వృద్ధురాలు గోనెపట్టా మీద ఐదు స్టీలు గిన్నెలు పేర్చి, ఎదుట నిలిచినవారిని ఏమియు అడుగకయే, "చెయ్యి పట్టమ్మా" అని కరివేపాకుపొడి చిటికెడు అరచేతిలో వేయును. నాలుకకు తగిలిన వెంటనే మోములో కలుగు మార్పును చూచును. కారమెక్కువైనదని తోచిన, మాటాడకయే రెండవ గిన్నెలోని నువ్వులపొడి చిటికెడు వేయును. రెండు చిటికెల ఖర్చుతో ఆమె కొనువారి రుచిని తెలిసికొనుచున్నది, తన సరకును తెలియజేయుచున్నది. తూకము వేసిన పిమ్మట కాగితము మడుచుటకు ముందు మరియొక అరచెంచా పైన వేయును. దానిని మనవారు కొసరు అందురు.

ఈ కొసరును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయనగా చిన్న వర్తకులలో అనేకులు దానిని విడిచి తగ్గింపు ధరల వెంట పడుచున్నారు. నూటికి ఇరువది తగ్గింపు అని ఒకసారి బోర్డు కట్టిన దుకాణములో కొనువాని మనస్సున ఆ తగ్గిన ధరయే అసలు ధరయై నిలుచును. మరునెల యథాధర చెప్పినచో హెచ్చించినాడని నిందించును. తగ్గింపు లేని దినమున గుమ్మము త్రొక్కడు. కొసరట్లు గాదు. ధర ధరగానే నిలుచును, పైన వచ్చినది స్నేహముగా నిలుచును. కాయగూరల దుకాణములో కరివేపాకు రెబ్బ, కొత్తిమీర కట్టలో నాలుగు కాడలు, పూలమూరకు పై రెండంగుళములు – వీని విలువ పైసలలోనిది, జ్ఞాపకము ఏండ్లలోనిది. పట్టణములలో కొందరు దర్జీలు రవికె కుట్టగా మిగిలిన గుడ్డముక్కతోనే చిన్న చేతిసంచి కుట్టి దానితో కలిపి ఇచ్చుట నేను చూచితిని. పారవేయదగిన పీలికకు పది నిమిషముల శ్రమ తోడైనది, అంతే, ఆ చీరయు ఆ రవికెయు ధరించి పెండ్లికి పోయిన స్త్రీ చేత అదే రంగు సంచి కనబడగా, "ఎక్కడ కుట్టించినారు వదినా?" అను ప్రశ్న పెండ్లిపందిటిలో పుట్టక మానదు. ఆ ప్రశ్నను పుట్టించుటయే ప్రచారము.

పెండ్లిపందిరి ప్రసక్తి వచ్చినది గావున వంటమేస్త్రీలను గూర్చి ఒక మాట. ఒక్కొక్క విందు వారికి వందలమందికి రుచి చూపు సభ. బంతి లేచునప్పుడు చేతులు కడుగుకొను తావున ఎవరు నిలుచుండి "వంకాయ ఎట్లున్నదండీ" అని అడుగునో, ఆ మేస్త్రీకే తరువాతి ముహూర్తములు దొరకును.

రుచి తరువాత చెప్పదగినది పనిని కంటికి చూపుట. కోనసీమ అంచుననున్న ఆత్రేయపురములో పూతరేకులు చేయు ఇండ్ల ముందు నిలిచినవారికి ఇది తెలియును. నున్నని కుండను బోర్లించి, అడుగున కొబ్బరాకుల మంట పెట్టి, నానబెట్టి రుబ్బి పలుచన చేసిన బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను కుండ వీపుమీదుగా ఒక్కసారి లాగుదురు. గుడ్డ దాటిపోయిన వెనువెంటనే కుండ మీద తెల్లని పొర నిలుచును; రెప్పపాటున ఆరును; అంచున గోటితో లేపినచో చిరుగకుండ ఊడివచ్చును; వెలుగునకెత్తి పట్టినచో ఆవలి మనిషి నీడ కనబడును. ఆ పిమ్మట నేయి, చక్కెరపొడియో బెల్లపుకోరో చల్లి మడుచుట. ఈ పనిని ఒకసారి కండ్లార చూచినవాడు పెట్టె మీద అచ్చువేసిన ఏ విశేషణమును చదువనక్కరలేదు. ధర ఎందుకింత అని అడుగుటకు వానికి నోరు రాదు, ఒక్కొక్క రేకు ఒక్కొక్క స్త్రీ చేతిమీదుగా లేచినదని చూచినాడు గావున. పనిని తడికె చాటున దాచి, ఎదుట ఫ్లెక్సీ కట్టుకొను దుకాణములను చూచినప్పుడు నాకు మనఃపూర్వకముగా బాధ కలుగును. కొయ్యబొమ్మను లక్కతో మెరుగుపెట్టు ఏటికొప్పాక పనివాని చేతికంటె, నూలుకు ముందే ముడులువేసి రంగులద్దు పోచంపల్లి నేతగాని మగ్గముకంటె మంచి ప్రకటన ఏమి కలదు?

ఊరి పేరును ఉమ్మడి ప్రకటనగా చేసికొనుట పై దానికి దగ్గరి చుట్టము. తాపేశ్వరము అనగా మడతకాజా, కాకినాడ యనగా గొట్టముకాజా, బందరు అనగా లడ్డు: ఈ జోడింపులను ఏ ప్రకటనసంస్థయు చేయలేదు, తరతరముల ప్రయాణికులు రైలులోను బస్సులోను పొట్లములు మోసి చేసినారు. ఆ పేరును పరాయివారు వాడుకొనకుండ కాపాడుటకై పార్లమెంటు 1999లో భౌగోళిక సూచికల చట్టము చేసినది. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలయ్యెను. పోచంపల్లి ఇక్కతునకు 2005లోను, తిరుపతి లడ్డునకు 2009లోను, హైదరాబాదు హలీమునకు 2010లోను, బందరు లడ్డునకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను ఆ ముద్ర లభించినది. ముద్ర వచ్చిన దినమున పత్రికలన్నియు ఊరకనే వార్త వ్రాయును; అది ఊరివారందరికి కలిసి దక్కిన ప్రచారము. ఐతే ఆ ముద్రను తన పెట్టె మీద వాడుకొనుటకు ప్రతి ఉత్పత్తిదారుడును అధీకృత వినియోగదారుగా నమోదు చేసికొనవలెనన్న సంగతిని చిన్నవారికి పూనికతో చెప్పువారు తక్కువ.

తాపేశ్వరపు మిఠాయివారిలో ఒకరు ఖైరతాబాదు వినాయకునకు ఏటేట మహాలడ్డు సమర్పించి రాష్ట్రమంతట పేరు పొందుటయు, 2016 సెప్టెంబరులో 29,465 కిలోల లడ్డుతో గిన్నిస్ పుస్తకమున కెక్కుటయు జరిగినవి. అంత లడ్డు చేయుట అల్పవ్యయమని ఎవరును అనరు. ఐనను అందులోని యుపాయము చిన్నవానికిని పనికివచ్చునదే: జనము కూడు ఉత్సవమునకు తన చేతిపనిని నైవేద్యముగా చేసినచో ప్రకటన భక్తిలో కలిసిపోవును. వాడవినాయకునకు ఐదు కిలోల లడ్డు చాలును. ఆ లడ్డు వేలమునకు వచ్చినప్పుడు చేసినవాని పేరు మైకులో పదిసార్లు వినబడును.

కొనువానినే ప్రచారకునిగా చేసికొన్న ఉదంతములు దేశమున మరి కొన్ని కలవు. అహమ్మదాబాదులో ప్రభుత్వోద్యోగియైన కర్సన్‌భాయి పటేలు 1969లో తన యింటి పెరటిలో కలిపిన సబ్బుపొడిని సైకిలు మీద ఇంటింటికి త్రిప్పి, కిలో 3 రూపాయల చొప్పున అమ్మి, నచ్చనిచో సొమ్ము తిరిగి ఇత్తునని మాట యిచ్చినాడు. అదియే నిర్మా. నచ్చకున్న సొమ్ము వాపసు అను మాట పెద్ద సంస్థ నోట చట్టపు వాక్యము. సైకిలు దిగి వాకిట నిలుచున్న మనిషి నోట అది పూచీ, ఏలయనగా వచ్చే వారము వాడు మరల అదే వాకిటికి రావలయును. తమిళనాట కడలూరులో 1983లో చిన్న మొత్తముతో షాంపూ వ్యాపారము ప్రారంభించిన సి. కె. రంగనాథన్, ఖాళీ పొట్లములు ఐదు తెచ్చినవారికి ఒక క్రొత్త పొట్లము ఇచ్చు పథకము పెట్టినాడు. మొదట ఏ కంపెనీ పొట్లమైనను ఒప్పుకొని, జనమునకు అలవాటైన పిమ్మట తన చిక్ పొట్లములకే పరిమితము చేసినాడు. ఎదుటివాని చెత్తను తన ప్రకటనగా మార్చుకొన్న యీ యుక్తిని నేను మిగుల మెచ్చుకొందును. బొంబాయి గిర్గామున 1959 మార్చి 15న ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడములు ఒత్తి మొదటిదినమున నాలుగే పొట్లములు కట్టినారు. ఆ లిజ్జత్ సంస్థలో చేరిన ప్రతి స్త్రీయు భాగస్వామినియే గావున, ఒక్కొక్క సభ్యురాలి యిల్లు ఒక్కొక్క అంగడియైనది. మన స్వయంసహాయక సంఘముల యందు ఇదే శక్తి దాగియున్నది. సరస్ మేళాలలో దుకాణము పెట్టుట ఒక భాగమైనచో, సంఘములోని పదిమంది తమ తమ పుట్టిళ్ళకు పట్టుకొనిపోవు పొట్లములు రెండవ భాగము.

మేళాలు, తిరునాళ్ళు, సంతలు వేరుగా పెద్ద అధ్యాయము. హైదరాబాదు నుమాయిష్ 1938లో పుట్టినది. నేటికిని జనవరి వచ్చినచో నాంపల్లి కిటకిటలాడును. రైతుబజారులు 1999 జనవరిలో ఆరంభమైనప్పుడు, పండించినవాడే అమ్ముచున్నాడన్న గుర్తింపు చీటీయే రైతునకు ప్రకటన యయ్యెను. 2022లో రైల్వేవారు ఒక స్టేషను – ఒక ఉత్పత్తి పథకమును ప్రవేశపెట్టగా, ఊరి సరకు ప్లాట్‌ఫారముమీదికి వచ్చినది. వీని యన్నిటి ప్రయోజనము ఒకటే: జనమును కూడగట్టు ఖర్చు మరియొకరిది.

ఇంటిలో నిలిచియుండు కానుకలలో క్యాలెండరునకు సాటి లేదు. తిథివారనక్షత్రములు, వర్జ్యములు గల క్యాలెండరు తెలుగు వంటింటిలో మేకుకు వ్రేలాడును. ఇల్లాలు దానిమీదనే పాలలెక్క వేయును, గ్యాసుబండ మార్చిన తేది చుట్టును గీత గీయును. దినమునకు రెండుసార్లు ఆమె చూపు పడు ఆ కాగితపు అడుగున దుకాణము పేరుండును. కరపత్రముల గతి అట్లు గాదు. మా వీధిలో క్రొత్తగా అంగడి తెరచిన ఒక యువకుడు రంగుల కరపత్రములు వేలకొలది అచ్చువేయించి పత్రికలలో పెట్టి పంచినాడు. వారము తిరుగకయే నేను వేరుసెనగలు కొనగా పొట్లము వానితోనే చుట్టియుండెను. ఆ సొమ్ముతో ఆ వీధి యిండ్లలో ఒక్కొక్కటికి అర్ధపావు సరకు పంపియుండినచో నేడు వాని యంగడి మూతపడియుండెడిది గాదని నాకు చాలాసార్లు తోచినది.

ఇక చేతిలోని ఫోను. 2018లో వాట్సాప్ వ్యాపారులకై ప్రత్యేక రూపము ప్రవేశపెట్టిన పిమ్మట సరకుల పట్టికను, ధరలను, వేళలను ఖర్చు లేకయే చూపుకొను వీలు కలిగినది. గూగుల్ పటమున దుకాణపు చోటును, తెరచు వేళను నమోదు చేయుటకును రూపాయి అక్కరలేదు; అయినను తప్పు ఫోను నంబరుతో, పదేండ్లనాటి ఫోటోతో పడియున్న దుకాణము లెన్నియో. ఇచ్చటను నా నియమము మారదు. ఉదయము ఆరు గంటలకు పెనముమీది మొదటి అట్టు ఫోటోను స్టేటసులో పెట్టు హోటలువాడు, నేడు మగ్గము నుండి దిగిన చీరను కిటికీ వెలుతురులో మడతవిప్పి చూపు నేతగాడు, సామీప్యమునే దూరమునకు పంపుచున్నారు. పండుగకొక దేవుని బొమ్మ, ప్రొద్దుటకొక సుభాషితము, దానికి తోడు నలువది తగ్గింపు కబుర్లు, అడుగకయే వందలమందిని గుంపులో చేర్చుట – ఇది ముఖ మెరిగినవారిని ముఖము చాటువేయునట్లు చేయుట. డబ్బు చెల్లింపగానే తెలుగులో మొత్తమును చదివి వినిపించు చిన్న పెట్టె అంగళ్ళలో వెలసినది గదా. దాని యుద్దేశము లెక్క సరిచూచుటయే యైనను, రద్దీవేళ అది ఆగకుండ పలుకుచుండగా దారిని పోవువాడు ఆగి ఆ టీకొట్టు వంక చూచును. అది నేటి పీచుమిఠాయి గంట.

వినియోగదారుల వీడియోలతో రాత్రికి రాత్రి వచ్చు పేరు వేరొక సంగతి. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూరులో రోడ్డు ప్రక్కన భోజనమమ్ము ఒక స్త్రీ బండి యిట్లే ప్రసిద్ధికెక్కగా, జనము విరుగబడి రాకపోకలు స్తంభించి పోలీసులు దానిని తీయించిరి. ముఖ్యమంత్రి జోక్యముతో గాని మరల నిలువలేదు. వండగలిగినదానికంటె ఎక్కువ ఆకలిని పిలిచినచో తొలినాటినుండి వచ్చు ఖాతాదారుడు పళ్ళెము దొరకక వెనుదిరుగును. ఒక పూట వండగల శక్తి, ఒక నెల నేయగల చీరలు, ఒక ఋతువులో పెట్టగల ఆవకాయ – ఈ కొలతకు లోబడి చేయు ప్రచారమే చిన్నవానికి మేలు.

అబద్ధమును గూర్చి రెండు మాటలు. మందులకు మహిమలంటగట్టు ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. తప్పుద్రోవ పట్టించు ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టము జరిమానా విధించుచున్నది. చిన్నవారు తమకు వర్తింపవని తలంచుట పొరపాటు. గానుగనూనె యని చెప్పి మిల్లునూనె పోసినవానిని చట్టముకంటె ముందు వీధి పట్టుకొనును. అచ్చమైన గానుగ నూనెకు అడుగున మడ్డి చేరుననియు, అది దోషము కాదనియు సీసా మీద తన చేతివ్రాతతో వ్రాసి అంటించిన ఒక వ్యాపారిని ఎరుగుదును. ఆ చీటీ వలన వానికి ఫిర్యాదులు తగ్గి బేరములు పెరిగినవి.

ఇన్ని మార్గములలో ఏది ఫలించినదో తెలిసికొనుట యెట్లు? పెద్ద సంస్థలకు సర్వేలున్నవి. గుంటూరిలో నాకు తెలిసిన ఒక యిల్లాలు ఇంటిలోనే పచ్చళ్ళు పెట్టి, హైదరాబాదునకును, అమెరికాలోని తెలుగువారికిని కొరియరులో పంపును. ఆమె వద్ద అట్టవేసిన లెక్కల పుస్తకమొకటి కలదు. క్రొత్తగా ఫోను చేసిన ప్రతివారిని ఆమె మొదట అడుగు ప్రశ్న సరకును గూర్చి గాదు, "మా సంగతి మీకు ఎవరు చెప్పారండీ?" అని. వచ్చిన జవాబును పేరు ప్రక్కన వ్రాసికొనును. పుటలు త్రిప్పి చూపగా, పత్రికలో వేయించిన ప్రకటన ఎదుట రెండే పేర్లు కనబడినవి. ఫేసుబుక్కు ఎదుట తొమ్మిది. మూడవ లైను వీధిలోని మాస్టారిగారి భార్య పేరిట ఒక నిండు పుటయు, రెండవ పుటలో సగమును. ఆ మాస్టారి కోడలు డల్లాసులో నున్నది. ఏటేట వేసవిలో మొదటి జాడీ ఆవకాయకు వాసెన కట్టిన దినమున, దానిలోనుండి ఒక సీసా నింపి, ఇంకను నూనె తేరకుండగనే, ఆమె స్వయముగా ఆ మూడవ లైనుకు నడిచిపోయి ఇచ్చివచ్చును.